పాలిచ్చిన తల్లికి పరలోకం

ఆనంద్ బాబు పాస్టరుగారికి తెలియని సంగతంటూ లేదు. ఒకవేళ ఉంటే, ఉన్నట్టు ఆయనకు తెలియదు. కంభం చెరువు కింది పల్లెలో ఆయన సంఘం. వాన ఎందుకు మొహం చాటేసింది, ఫలానావాళ్ళ కోడలికి కడుపెందుకు పండలేదు, లోకాంతం ఏ గుర్తులతో వస్తుంది, ఇలా ఏది అడిగినా జేబులోంచి చిల్లర తీసినంత సులువుగా ఒక వాక్యం తీసి చేతిలో పెట్టేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు కదా, సంఘంవాళ్ళు కూడా తలలూపేవాళ్ళు. అలాగని మనిషి చెడ్డవాడు కాదు. ఒంట్లో బాగాలేనివాళ్ళను తన మోటార్ సైకిల్ మీద కూర్చోబెట్టుకుని మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయేది ఆయనే. చచ్చిపోయినవాళ్ళ గుంత పూడ్చేదాకా ఎండలో నిలబడేదీ ఆయనే. ఆ నోరొక్కటే, కాలు కంటే ముందు పరిగెత్తేది.

ఆ నోటి వల్లే నాగజ్యోతి గుడికి రావడం మానేసింది.

నాగజ్యోతి గొర్లకాపరి మాల్యాద్రి భార్య. పెళ్ళయిన చాలా ఏళ్ళకు ఏదో జబ్బులో ప్రార్థన చేయించుకుని, నయమై, చెరువులో బాప్తిస్మం తీసుకుంది. మాల్యాద్రి తీసుకోలేదు. కాని ప్రతి ఆదివారం ఆమెను మోపెడ్ మీద తెచ్చి గుడి దగ్గర దించేది అతనే. ఆరాధన అయ్యేదాకా ప్రహరీ బయట నీడన కూర్చునేవాడు. ఎండాకాలం గుడి బోరు ఎండిపోతే అడగకుండానే డ్రమ్ములతో నీళ్ళు తెచ్చి పోసేవాడు. తన మేకల పాలు ఊళ్ళో ఏ పసిబిడ్డకు కావాలన్నా, ఏ కులమని అడగకుండా, చెంబు నింపి పంపేవాడు. లోపలికి రమ్మంటే నవ్వేవాడు. “నాకెందుకులే అయ్యగారూ. ఆమె చేసే ప్రార్థనలో నేనూ ఉంటా గదా” అనేవాడు.

పోయిన వానాకాలంలో మంద దగ్గర ఉండగా పిడుగు పడి మాల్యాద్రి చనిపోయాడు. పల్లె పల్లెంతా ఏడ్చింది. నాగజ్యోతి కోసం ఆనంద్ బాబు ఆదరణ కూడిక పెట్టాడు. పాటలయ్యాయి, ప్రార్థనయింది, టీ పంచుతున్నారు. అప్పుడు నాగజ్యోతి లేచి అందరి ముందూ అడిగింది.

“అయ్యగారూ, మా ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడు?”

ఆ ప్రశ్నకు టీ గ్లాసు చేతికిచ్చి పక్కన కూర్చుంటే సరిపోయేది. మన పాస్టరుగారు జవాబు చెప్పాడు. “నమ్మి బాప్తిస్మం తీసుకున్నోళ్ళకే గదా చెల్లీ దేవుడు మాట ఇచ్చినాడు. మాల్యాద్రి ఆ తలుపు దగ్గరిదాకా వచ్చినాడు, లోపలికి రాలేదు. ఆయన సంగతి అయిపోయింది. ఇంక నీ ఆత్మ సంగతి చూసుకో.”

ఆమె కొంగు తల మీద నుంచి తీసేసి ఇంటికి పోయింది. మళ్ళీ ఆదివారం రాలేదు, ఆ తర్వాతా రాలేదు. గుడిలో ఆమె కూర్చునే చోట చాప ఖాళీగా ఉంటే ఆనంద్ బాబు చూపు పదేపదే అటే పోయేది. సత్యం చెప్పాను, సత్యం చేదుగానే ఉంటుంది అని సర్దిచెప్పుకునేవాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఆ కుందేటికి నాలుగో కాలు ఉందేమోనన్న అనుమానం ఆయనకు మొదటిసారి వచ్చింది లాల్బీ మంచాన పడినప్పుడు.

లాల్బీ ఎవరో చెప్పాలి. కంభంలో ఆనంద్ బాబు పుట్టిన ఇంటికీ, పరుపులు కుట్టే అబ్దుల్ రెహమాన్ ఇంటికీ మధ్య ఒకటే గోడ. అవతలి ఇంటి ఇల్లాలు లాల్బీ. ఆనంద్ బాబు పుట్టగానే తల్లి రత్నమ్మకు బాలింత జ్వరం వచ్చి ఒళ్ళు తెలియకుండా పడిపోయింది. కంభంలోనే ఉంటే బతుకుతుందన్న ఆశ లేక ఒంగోలు తీసుకుపోయారు. ఇంట్లో పసిగుడ్డు ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. లాల్బీ చంకలో అప్పటికి నెలల పిల్లవాడు జమీర్ ఉన్నాడు. ఆమె గోడ అవతల నుంచి ఆ ఏడుపు వినలేక వచ్చి బిడ్డను ఎత్తుకుపోయింది. జమీర్‌ను ఒక పక్క, వీణ్ణి ఒక పక్క వేసుకుని, రత్నమ్మ లేచి తిరిగేదాకా పాలిచ్చింది. తక్కువ కులం బిడ్డకు రొమ్మిచ్చిందని ఆమె అత్త నాలుగు రోజులు కోడలి చేతి నీళ్ళు ముట్టలేదట. “ఆకలికి కూడా కులముంటదా అత్తా?” అని లాల్బీ అడిగిందట.

వాళ్ళ ఆచారంలో పాలిచ్చిన తల్లి కన్నతల్లితో సమానం. పాలు తాగినవాడు కొడుకే, ఆమె పిల్లలకు తోడబుట్టినవాడే. జమీర్ చెల్లెలు నిలోఫర్ పెద్దదయ్యాక పరాయి మగవాళ్ళ ముందుకు వచ్చేది కాదు. ఆనంద్ బాబు వస్తే మాత్రం మామూలుగా ఎదురొచ్చి మంచినీళ్ళిచ్చేది. వీధిలో ఎవరో పరాచికానికి “వీడికి నిలోఫర్‌ని ఇచ్చి చేస్తావా?” అంటే లాల్బీ చీపురు తీసుకుని వాళ్ళ వెంట పడింది. “వాడు దానికి అన్న. నా పాలు తాగినోడు. ఇంకోసారి అన్నావంటే పళ్ళు రాలతాయి” అంది.

ఆనంద్ బాబు రత్నమ్మను అమ్మ అనీ, లాల్బీని అమ్మీ అనీ పిలుస్తూ పెరిగాడు. రెండిళ్ళలో తిన్నాడు, రెండిళ్ళలో తన్నులూ తిన్నాడు. తర్వాత దైవసేవకు చదువుకోవడానికి పోయాడు, పాస్టరై తిరిగొచ్చాడు.

ఆ చదువులో ఈ ప్రశ్న రాకపోలేదు. యేసు పేరు వినకుండా, లేదా విని కూడా రాకుండా మంచిగా బతికినవాళ్ళ గతి ఏమిటని. ఒక మాస్టారు తలుపు ఒక్కటే, తాళంచెవి ఒక్కటే అనేవాడు. ఇంకొకాయన యేసు శిష్యుడు పేతురు వచ్చి బోధించకముందే కొర్నేలీ అనే రోమా సైనికుడి ధర్మకార్యాలు దేవుడి దాకా చేరాయి కదా, అవి ఏ తలుపు గుండా పోయాయని అడిగేవాడు. రక్షించేది క్రీస్తేనని, ఎవరెవరిని రక్షిస్తాడో లెక్క మన దగ్గర లేదని ఆయన వాదం. మనస్సాక్షే ధర్మశాస్త్రంగా బతికినవాళ్ళ గురించి కూడా వాక్యంలో ఉందని గుర్తు చేసేవాడు. ఆనంద్ బాబుకు మొదటి మాస్టారు నచ్చాడు. ఆయన చెప్పింది గుర్తుపెట్టుకోవడం సులువు, నిలబడి బోధించడం ఇంకా సులువు.

ఇప్పుడు లాల్బీకి కాలేయం చెడిపోయింది. ఇక ఇంటికి తీసుకుపొమ్మని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. ఆ కబురు జమీర్ ఫోన్లో చెప్పాడు. ఫోన్ పెట్టేసిన ఆనంద్ బాబు గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. లోపలి నుంచి రత్నమ్మ వచ్చింది. కొడుకు మొహం చూసి విషయం తెలుసుకుంది. కాసేపు కళ్ళు తుడుచుకుని, తర్వాత సూటిగా అడిగింది.

“నాగజ్యోతికి చెప్పినావే ఒక మాట. అది లాల్బక్కకు కూడానా?”

ఆనంద్ బాబు తల వంచుకున్నాడు.

“అందరికీ ఒకటే గదమ్మా” అన్నాడు చివరికి.

“నువ్వు బతికింది ఆమె పాలతో. నేను ఆ పొద్దు దేవుణ్ణి అడిగింది నా బిడ్డను బతికించమని. దేవుడు పంపింది లాల్బక్కను. తనే పంపిన మనిషిని తనే అగ్గిలో వేస్తాడా? నాకు చదువు లేదు, చదివినోడివి నువ్వే చెప్పు.”

ఆయన లేచి మోటార్ సైకిల్ తీశాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఇంకా సమయం ఉంది. యేసు పక్కన సిలువ మీద వేలాడిన దొంగకు చివరి క్షణంలో పరలోకం దొరికింది. అమ్మీ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ప్రభువా నన్ను జ్ఞాపకం చేసుకో అంటే చాలు. ఎలా అడగాలో కూడా వల్లె వేసుకున్నాడు. “అమ్మీ, రేపు నేను అక్కడికి పోయి నువ్వు కనపడకుంటే నేనెట్ల ఉండేది?” అనాలి. ఆ మాట అనుకున్నప్పుడల్లా కంభం రోడ్డు మసకబారింది.

లాల్బీ మంచం మీద పిడికెడు మనిషయింది. కళ్ళు పసుపురంగుకు తిరిగాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పరాయి మగవాణ్ణి చూసి కొంగులు సర్దుకోబోతే నిలోఫర్ “అన్నలే” అంది. వాళ్ళు లేచి చోటిచ్చారు. లాల్బీ అతన్ని చూసి, మాట్లాడాలి అందరూ బయటికి పొండని చేత్తో సైగ చేసింది.

“అమ్మీ, నిన్నొక మాట అడుగుతా. కాదనగూడదు” అన్నాడు ఆనంద్ బాబు.

“ముందు నేనడుగుతా. నేను పెద్దదాన్ని.”

“అడుగు.”

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి కాగుతోంది. “ఒక్కసారి నా చెవిలో కలిమా చెప్పు బేటా, అల్లా తప్ప దేవుడు లేడని, మహమ్మద్ ఆయన ప్రవక్తని. చిన్నగా చెప్పు, చాలు. మీ సంఘపోళ్ళకు తెలియనీయను. నేను ఎవురికి చెప్తా, పొయ్యేదాన్ని?”

ఆనంద్ బాబు మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

“జమీర్ వస్తాడు. నిలోఫర్ వస్తది. మీ నాయనైతే” అంటే అబ్దుల్ రెహమాన్, “ముందే పోయి కూచున్నాడు. నువ్వు రాకుంటే? నా పాలు తాగినోడు ఒకడు బయట ఉంటే, నేను ఆ జన్నత్‌లో ఎట్ల ఉండేది? ఇన్నేండ్లూ ప్రతి నమాజులో ఇదే దువా చేసినా. వానికి దోవ చూపించు, నా బిడ్డను అగ్గిలో పెట్టొద్దు అని. నీకు చెప్పలేదు, నొచ్చుకుంటావని.”

తను దారంతా వల్లె వేసుకున్న మాటను ఆమె అతని నోట్లోంచి తీసుకుని అనేసింది. అతను ఏళ్ళ తరబడి ఆమె కోసం మోకాళ్ళ మీద ఏడుస్తుంటే, ఆమె కంభంలో అతని కోసం నుదురు నేలకు ఆనించి ఏడుస్తోంది. ఇద్దరూ ఒకరినొకరు నరకంలోంచి లాగాలని చూస్తున్నారు. ఆనంద్ బాబుకు నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపొచ్చింది. రెండూ ఆపుకోలేదు.

“ఏంది నాయనా?”

“నేనూ అదే అడుగుదామని వచ్చినా అమ్మీ. నా ప్రభువు పేరు ఒక్కసారి చెప్పమని.”

లాల్బీ అతని మొహం చాలాసేపు చూసింది. నవ్వబోతే దగ్గొచ్చింది. అతను లేపి కూర్చోబెట్టి, నీళ్ళు తాపి, మళ్ళీ పడుకోబెట్టాడు.

“నోటితో అనొచ్చు అమ్మీ. మనసులో లేకుండా అంటే నిన్ను మోసం చేసినట్లయితది” అన్నాడు.

“నేను అన్నా అంతే గదా” అంది ఆమె. “పొయ్యేముందు అబద్ధం ఎందుకులే, ఇద్దరికీ.” అతని చెయ్యి మళ్ళీ పట్టుకుని, “మరి ఎట్ల ఆనందూ?” అంది.

“తెలియదు అమ్మీ.”

బుద్ధెరిగినప్పటి నుంచి అతను అనని మాట అది. అంటుంటే నోటికి కొత్తగా ఉంది. లాల్బీకి కూడా కొత్తగానే ఉన్నట్టుంది. “నీకు తెలియనిది గూడా ఉందా? చిన్నప్పుడు అన్నీ తెలుసనేటోడివి” అని కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాడు. లేవబోతుంటే చెయ్యి వదల్లేదు.

“ఒకటన్నా చెయ్యి. నన్ను గుంతలోకి దింపేది కొడుకులే. జమీర్ తల దిక్కు పట్టుకుంటాడు. కాళ్ళ దిక్కు నువ్వు పట్టుకో. మిమ్మల్నిద్దర్నీ ఎత్తుకున్నా గదా, మీరే దింపండి.”

అతను సరేనన్నాడు. మర్నాడు తెల్లవారేసరికి ఆమె పోయింది.

ఖబరస్తానులో మధ్యాహ్నం నమాజు తర్వాత జనం కూడారు. వాళ్ళ పద్ధతి ప్రకారం ఆడమనిషిని గోరీలోకి దింపేది దగ్గరి బంధుత్వం ఉన్న మగవాళ్ళే. పరాయివాళ్ళ కంట పడకుండా పైన దుప్పటి అడ్డం పట్టుకుంటారు. జమీర్ లోపలికి దిగి, పైకి చూసి, “ఆనందూ, రా” అన్నాడు. ఆనంద్ బాబు చెప్పులు విడిచి ముందుకొచ్చాడు. జనంలో గుసగుస లేచింది. ఒక పెద్దమనిషి పైకే అనేశాడు. “ఆయన పాస్టరు గదా. అది మన పద్ధతేనా?”

అందరూ మసీదు ఇమాం వైపు చూశారు. ఇమాం ముసలాయన, పద్ధతి తప్పితే తన సొంత తమ్ముణ్ణయినా నిలబెట్టి అడిగే మనిషి. ఆనంద్ బాబుకు ఆయనతో బజార్లో కనపడితే నమస్కారం పెట్టేంత పరిచయమే. ఆ గడ్డం, ఆ ముఖం చూసి, ఇక నన్ను ఆపేస్తాడు అనుకున్నాడు. ఆయన స్థానంలో తానున్నా ఆపేవాణ్ణే అని కూడా అనుకున్నాడు. తాను మాల్యాద్రిని అలాగే ఆపాడు మరి.

“పాలు తాగిన మాట నిజమేనా?” అని ఇమాం జమీర్‌ని అడిగాడు.

“నా వంతు పాలు తాగినాడు హజరత్” అన్నాడు గుంతలో నుంచి జమీర్. ఏడుస్తూనే అన్నాడు.

“అయితే కొడుకే. దిగనీయండి.”

“హజరత్, రేపు పైన అల్లా అడిగితే...” అని పెద్దమనిషి ఇంకా ఏదో అనబోయాడు.

“గోరీ దాకా ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఆ పైన సంగతి నన్నడగొద్దు. నేను చూసొచ్చినానా?” అన్నాడు ఇమాం.

ఆనంద్ బాబు గుంతలోకి దిగాడు. పైనుంచి తెల్లటి కఫన్ బట్టలో లాల్బీని అందించారు. కాళ్ళు అతని చేతుల్లోకి వచ్చాయి. బరువే లేదు. తనను మోసిన మనిషి ఇంత తేలికగా ఉంటుందని అతను అనుకోలేదు. మెల్లగా, నిద్రపోతున్న బిడ్డను చాప మీద పడుకోబెట్టినట్టు, ఇద్దరూ ఆమెను మట్టి మీదికి దింపారు. ఆమె పాలు తాగిన సంగతి అతనికి వినికిడే తప్ప జ్ఞాపకం లేదు. ఆ మట్టిలో మోకాళ్ళ మీద ఉండగా మాత్రం ఒంట్లో ఎక్కడో ఉందనిపించింది. అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. జమీర్ అతని భుజం పట్టుకుని పైకెక్కించాడు.

బయటికొచ్చాక ఇంటికి పోలేదు. మట్టి కొట్టుకుపోయిన బట్టలతోనే మోటార్ సైకిల్ నాగజ్యోతి ఇంటివైపు తిప్పాడు.

పొద్దు వాలుతోంది. నాగజ్యోతి దొడ్లో మేకపిల్లలను గంప కింద మూస్తోంది. మాల్యాద్రి పోయినా జీవాలను అమ్మలేదు, మరిదితో మేపిస్తోంది. పాస్టరుగారిని చూసి లేచి నిలబడిందే గాని కూర్చోమనలేదు.

“ఏంది అయ్యగారూ, ఆ మట్టి?” అంది చివరికి.

“మా అమ్మీ పోయింది చెల్లీ. నాకు పాలిచ్చిన తల్లి. కంభంలో. సాయిబులు. ఇప్పుడే గోరీలో దింపి వచ్చినా.”

పాలిచ్చిన తల్లి అన్న మాట నాగజ్యోతి మొహాన్ని కొంచెం మెత్తబరిచింది. గొంతు మాత్రం మెత్తబడలేదు. “బాప్తిస్మం తీసుకున్నదా?” అంది.

“లేదు.”

“మరి ఎక్కడికి పోయింది?”

ఎత్తిపొడుపుగా అడిగిందో, నిజంగానే అడిగిందో తెలియదు. రెండూ అయ్యుండాలి. ఆనంద్ బాబు దొడ్డి గుంజను పట్టుకుని నిలబడ్డాడు.

“తెలియదు చెల్లీ.”

“మా ఆయన?”

“అదీ తెలియదు. ఆ పొద్దు తెలిసినట్లు చెప్పినా. నాకు తెలియదు. నన్ను రక్షించింది క్రీస్తేనని నాకు తెలుసు. అంతవరకే తెలుసు. ఆయన ఇంకెవుర్ని రక్షిస్తాడో నేను చూడలేదు.”

నాగజ్యోతి అతని వైపే చూస్తోంది. ఆమె కోప్పడుతుందనుకున్నాడు. తిడితే పడదామనే వచ్చాడు.

“నిజంగా తెలియదా?”

“నిజంగా.”

“అట్లయితే...” అని ఆమె ఒక అడుగు ముందుకేసింది. “మీరు అయిపోయిందన్నారు గదా. అయిపోయిందంటే ఇంక దేవునితో నాకు మాటేముంది? మోకాళ్ళు వేస్తే ఆయన్ని అగ్గిలో వేసినోనితో మాట్లాడుతున్నట్లు ఉండేది. లేచొచ్చేదాన్ని. తెలియదంటే అడుక్కోవచ్చు గదా అయ్యగారూ! ఇంకా అడుక్కోవచ్చు గదా!”

చచ్చిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చేయకూడదని వాళ్ళ సంఘంలో బోధ. ఆ బోధ చేసిందీ ఆయనే, గట్టిగా, వేలు చూపించి మరీ. ఇప్పుడు కూడా ఆ వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించాడు.

నాగజ్యోతి అప్పటికే కొంగు తల మీద కప్పుకుంది. మేకల పెంటికల మధ్యే మోకాళ్ళు వేసి, కళ్ళు మూసుకుని, మాల్యాద్రి పేరు చెప్పింది. నీళ్ళ డ్రమ్ముల సంగతి దేవుడికి గుర్తు చేసింది. పసిబిడ్డలకు పంపిన పాల చెంబులు గుర్తు చేసింది. ప్రహరీ బయట కూర్చున్న ఆదివారాలన్నీ గుర్తు చేసింది. ఆనంద్ బాబు కూడా పక్కన మోకాళ్ళు వేశాడు. ప్రార్థన నడిపించేది ఎప్పుడూ ఆయనే, ఇవాళ ఆమె నడిపించింది.

మధ్యలో ఆగి, కళ్ళు తెరవకుండానే అడిగింది.

“అయ్యగారూ, మీ అమ్మ పేరేంది?”

“లాల్బీ” అన్నాడు.